కీచకుడూ, లవ్‌లేసూ – వెంటపడటమే ప్రేమా?

ఉద్యోగ విరమణానంతరం నాకు అలవడిన వ్యసనం ఆంగ్ల నవలా పఠనం. అందులోనూ ‘రొమాంటిక్ సస్పెన్స్’ అని వ్యవహరించే శాఖపై కొంతకాలంగా ఆసక్తి కలిగింది. ఒక స్త్రీ, ఆమెను నీడలా వెంటాడే పురుషుడు, ఆ భయం నడుమనే ఒక ప్రేమకథ – స్థూలంగా దాని స్వరూపమిది. కాలక్షేప సాహిత్యమని తీసిపారేయడం సులభమే. కాని దాని వంశవృక్షాన్ని వెదుక్కుంటూ పోయి, పద్దెనిమిదవ శతాబ్దపు లండను నగరంలో ఒక ముద్రాపకుని వాకిట నిలిచాను.

ఆయన శామ్యూల్ రిచర్డ్‌సన్ (1689–1761). లేఖలు వ్రాసే పద్ధతిని నేర్పే పుస్తకమొకటి సిద్ధం చేస్తూండగా పుట్టిన ఊహ 1740లో ‘పమేలా’ నవల అయింది. పమేలా పదిహేనేళ్ళ పనిపిల్ల. యజమానురాలు మరణించగానే ఆమె కుమారుడు ఈ పిల్లపై కన్నువేస్తాడు. గదిలో పొంచి ఉంటాడు. ఉత్తరాలు కాజేసి చదువుతాడు. తల్లిదండ్రుల వద్దకు పంపుతున్నానని నమ్మించి తన మరో ఎస్టేటులో బంధిస్తాడు. ఇదంతా ఆమె తన లేఖలలో తానే చెబుతుంది. వేటగాని కన్నుతో కాక, వేటకు గురైన పిల్ల గుండెదడతో కథ నడుస్తుంది. ఇందులోని గొప్పతనమదే.

మరి ముగింపో? ఆ యజమాని మనసు మారి ఆమెనే పెళ్ళాడతాడు. నవలకు ‘శీలానికి దక్కిన బహుమానం’ అనే అర్థంలో ఉపశీర్షిక ఉంది. వేధించినవాడే బహుమానమట! మరుసటి ఏడే, 1741లో, హెన్రీ ఫీల్డింగ్ ‘షమేలా’ అనే ప్రహసనప్రాయమైన పుస్తకంతో దీన్ని వెక్కిరించాడు.

ఆశ్చర్యమేమంటే, ఈ ముగింపుకు గట్టి జవాబు రిచర్డ్‌సన్ కలం నుండే వచ్చింది. 1747–48లో ఏడు సంపుటాలుగా వెలువడిన ‘క్లారిస్సా’ అది. ఇష్టంలేని పెళ్ళికి ఇంటివారు బలవంతపెడుతుంటే, లవ్‌లేస్ అనే రసికుడు రక్షకుని వేషంలో వచ్చి క్లారిస్సాను మోసంతో ఇల్లు దాటిస్తాడు. ఆమె స్నేహితురాలి ఉత్తరాలను దారిలో పట్టి, దొంగ ఉత్తరాలు సృష్టిస్తాడు. ఆమె తప్పించుకుపోతే ముసలివాని వేషంలో ఆచూకీ తీస్తాడు. చివరకు మత్తుమందిచ్చి చెరుస్తాడు. ఆపై పెళ్ళాడతానంటాడు. అతని బంధువులూ, ఆమె ఆప్తులూ కూడా ‘ఒప్పుకో’మంటారు. ఆమె ఒప్పుకోదు. మరణాన్నైనా వరిస్తుంది గాని అతణ్ణి వరించదు. సంపుటాలు వెలువడుతూండగానే, కథను సుఖాంతం చేయమని పాఠకులు రచయితను బతిమాలారు. ఆయన వినలేదు. నా దృష్టిలో ఆ నిరాకరణమే ఆ నవలకు ప్రాణం.

ఆ తరువాతి చరిత్రంతా ఈ రెండు ముగింపుల నడుమ ఊగిసలాటే. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ తన నాయికను ‘ఉడాల్ఫో’ కోటలో బంధించింది. ఇరవయ్యవ శతాబ్దపు చౌక ప్రతుల అట్టలపై, చీకటి భవంతి నుండి పారిపోయే యువతి, వెనుక వెలిగే ఒకే ఒక కిటికీ సర్వసాధారణమయ్యాయి. ఆ నవలల రహస్యాన్ని రచయిత్రి జోయానా రస్ 1973 నాటి వ్యాసంలో విప్పి చూపింది: భయపెట్టేవాడు తరచు మంచివాడవుతాడు, మెత్తగా కనిపించినవాడు హంతకుడవుతాడు. అంటే, భయాన్నే ప్రేమగా పొరబడటం నేర్పే కథలన్నమాట.

చట్టం చాలా ఆలస్యంగా మేలుకొంది. 1989లో ఒక యువనటిని ఆమెను వెంటాడిన అభిమాని కాల్చిచంపిన తరువాత, 1990లో కాలిఫోర్నియా దీనికంటూ చట్టం చేసింది. మన దేశంలో 2013లో శిక్షాస్మృతికి 354-డి చేరింది. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను.

లవ్‌లేస్ పేరు రష్యన్ భాషలో స్త్రీలోలుడికి పర్యాయపదమైంది. అయితే ఆ మాటలో కొంత సరసం మిగిలింది. మన ‘కీచకుడు’ అనే మాటలో ఆ మెత్తదనం లేదు. ఈ విషయంలో మన భాష నిక్కచ్చిగా ఉన్నదని పొంగిపోయేవాణ్ణి, ఒక జ్ఞాపకం అడ్డురాకపోతే.

1990ల మాట. తొమ్మిదవ తరగతి పిల్ల ఒకతె మధ్యాహ్నం వేళ స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, “మాష్టారూ, బస్టాండు దగ్గర్నుంచి ఒకతను రోజూ సైకిలు మీద వెంటపడుతున్నాడండీ” అంది. నేను తలెత్తి, “తలవంచుకుని నీ దారిన నువ్వు పోమ్మా. నాలుగు రోజులకు వాడే మానేస్తాడు” అన్నాను. నెలలోపే ఆ పిల్ల బడి మానేసింది. వేసవిలో పెళ్ళిచేశారని విన్నాను. ఆ కుర్రవాడు మాత్రం అదే బస్టాండులో, అదే సైకిలు మీద కనిపిస్తూనే ఉండేవాడు.

విరాటుని కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు, కంకుభట్టు వేషంలోని ధర్మరాజు ఆమెను అంతఃపురానికి వెళ్ళిపొమ్మంటాడు. ఆయనకు అజ్ఞాతవాసమనే కారణముంది. తరగతిలో ఆ ఘట్టాన్ని ఎన్నిసార్లో గొంతెత్తి చదివి, ద్రౌపది పక్షాన కోపం తెచ్చుకున్నాను. గుమ్మంలో నిలబడిన పిల్లకు మాత్రం కంకుభట్టు మాటే చెప్పాను. నాకు ఏ కారణమూ లేదు.