సందుగలున్న కువైటు కాయితాలు

మంట సల్లబడుతుంది బిడ్డా, ఇంకిన్ని మక్కబెండ్లు ఎయ్యి. నీకు వీసా వచ్చిందని పొద్దుగాల మీ బాపు చెప్పినకాడికెళ్లి నా పానం పానంల లేదు. పోవద్దని నేననను. ఈ కోరుట్లల గల్ఫు గడప తొక్కని ఇల్లు ఏడున్నది? గని పోయేముందు మీ తాత ముచ్చట ఇని పో. ఆయన ఉన్నన్ని దినాలు ఈ ముచ్చట ఎత్తనియ్యలె.

తాత 1989ల పోయిండు. మా దిక్కోళ్లు ఎక్కువ దుబాయి, మస్కటు, సౌదికి పోతుండ్రి. కువైటంటే కడపోళ్లు, గోదావరి జిల్లాలోళ్లు. ఈయనకు కువైటు వీసా దొరికింది. ఏజెంటుకు కట్టెతందుకు ఇరవై వేలు అప్పు తెచ్చినం, నూటికి మూడు రూపాల మిత్తి. అప్పట్ల కువైటు దినారు ఒక్కటి మన అరవై రూపాలకు అటుఇటు ఉంటుండె. రెండేండ్లల్ల అప్పు ఒడుస్తదని లెక్క కట్టుకున్నం. నేను చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు జేసుకుంట పిల్లలను సాదుకున్న.

ఫోన్లు ఎక్కడియి అప్పుడు? ఊరికొచ్చేటోళ్లతోని క్యాసెట్టుల మాట నింపి పంపుతుండె. జూన్‌ల ఒకటొచ్చింది. రెండు దిక్కులా ఆయన గొంతే. ఎండ గురించి ఒక్క మాట లేదు, పిల్లల బడి గురించే చెప్పిండు. ఆ క్యాసెట్టును అరిగిపోయేదాక ఇన్న. అదే ఆఖరుదయితదని నాకేమెరుక?

1990 ఆగస్టు 2, గురువారం. రాఖీ పున్నానికి నాలుగొద్దులున్నది. ఇరాకు ఫౌజు కువైటుల సొచ్చిందని రేడియోల చెప్పిండ్రు. నాకు ఇరాకు ఏ దిక్కో, కువైటు ఏ దిక్కో తెల్వది. పక్కింటి సారు కాడికి ఉరికితే పటం తీసి సూపెట్టిండు. ఏలు పెట్టి సూడబోతే ఆ దేశం నా గోరు కిందనే దాగిపోయింది. గంత చిన్న జాగల నా మనిషి ఎక్కడని ఎతుకుదు?

సిరిసిల్లల మా ఆడిబిడ్డ, అదే మీ బాపు పెద్ద మేనత్త, తమ్మునికి రాఖీ కవరుల పెట్టి జులైలనే పోస్టుల ఏసింది. అది అటు చేరలె, ఇటు మళ్లి రాలె. పున్నం నాడు ఆమెనే బస్సెక్కి మా ఇంటికొచ్చింది. సాంచల చప్పుడు నడుమ పుట్టి పెరిగిన మనిషి, బీడీ చుట్టుడు రాదు. అయినా చాట ముందటేసుకొని నా పక్కన కూసున్నది. ఆమె చుట్టినయి వదులొదులుగ వస్తున్నయి, కార్ఖాన్ల తీసి పారేస్తరు. తెలిసి కూడ నేను వద్దనలె. ఆ దినం ఇద్దరి నోట్లె మాటలేదు, చేతులు ఆడుకుంటనే ఉన్నయి.

ఆ రెండు నెలలు ఎట్ల ఎల్లదీసిననో ఇప్పుడు తలుచుకుంటే నాకే సమజ్ గాదు. అప్పిచ్చినాయన పొద్దూకంగ వచ్చి అరుగు మీద కూసుంటుండె. ఏమనకపోతుండె, కూసుండుడే. పుస్తెలతాడు కుదువ పెట్టి మిత్తి కట్టిన. బతుకమ్మ వచ్చింది, తంగేడు పూలు తెచ్చినోళ్లను మళ్లగొట్టిన.

దసరా పోయినంక తారొచ్చింది. మా ఆడిబిడ్డ కొడుకు అప్పుడు భీవండిల సాంచల మీద పనిజేస్తుండె. "మామ బొంబాయి దిగిండు, తోల్కొస్తున్న" అని ఇంగిలీషుల నాలుగు ముక్కలు. సారుతోని మూడు సార్లు సదివించుకున్న.

ఏమయిందనేది ఆ పిల్లగాడు చెప్పిందే నాకెరుక. పనిల పెట్టుకున్న యజమాని, కఫీలంటరు, ఊరిడిచి పోయిండట. తాత పాసుపోర్టు ఆయన కాడనే ఉండె. చేతిల ఉన్న దినార్లకు విలువ లేకుండ పోయింది. కువైటుల మన ఎంబసీ బస్రాకు మారింది. బస్సుల మీద బస్రా, బగ్దాదు, ఆడికెళ్లి జోర్డాను సరిహద్దుల రువైషెద్ దాటుడు. ఎడారిల గుడారాలు, నీళ్ల ట్యాంకరు వస్తే కొట్లాట. పాసుపోర్టు లేనోళ్లకు మనోళ్లు ఒక కాయితం రాసిచ్చిండ్రట, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అంటరు దాన్ని. ఆ కాయితం మీద అమ్మాన్‌ల విమానమెక్కిండు.

సర్కారు చేసిన పనికి నేను ఇప్పటికీ దండం పెడుత. గుజ్రాల్ సాబు విదేశాంగ మంత్రి అప్పుడు, బగ్దాదు దాక పోయి సద్దాంతోని మాట్లాడిండు. ఎయిర్ ఇండియా 488 మాట్ల విమానాలు నడిపిందట. కువైటుల మనోళ్లు లక్షా డెబ్బై వేల దాక ఉండె మరి. ఈ లెక్కలన్నీ సారు పేపరుల సూసి చెప్పినయి. నాకు మాత్రం అందుల ఒక్క మనిషి లెక్కనే కావాలె.

ఆ మనిషి వాకిట్ల నిలబడ్డడు. ఒంటి మీద ఎవరిదో అంగి, రెండు భుజాలు కిందికి జారుతున్నయి. చేతిల ఒక కంబడి. మీ బాపు గుర్తువట్టక నా ఎనకకు దాగిండు.

మనిషయితే ఇంటికొచ్చిండు గని, నిద్ర ఆన్నే ఉండిపోయింది. రాత్రిపూట లేచి గోలెం కాడికి పోతుండె. చెయ్యి ముంచి నీళ్లు ఎంతవరకున్నయో సూసి వచ్చి పండుతుండె. కడిగిన గిన్నెల నీళ్లు పారబోస్తే ఒప్పుకోకపోతుండె. ఇది ఒక ఏడు గాదు, చచ్చేదాక ఉన్నది. అప్పుడు దీనికి దవాఖాన ఉంటదని ఎవరు చెప్పిండ్రు? భయమని మేమనుకున్నం, పిసినారితనమని ఊరనుకున్నది.

1991ల పీవీ ప్రధానమంత్రి అయిండు, అప్పట్ల మన జిల్లా మనిషే, వంగరాయన. ఆ జులైల దేశం 47 టన్నుల బంగారం బయటి దేశాలల్ల కుదువ పెట్టింది. చమురు ధర పెరిగి, గల్ఫుల్నుంచి వచ్చే పైసలు పడిపోయినయని సారు చెప్పిండు. నా పుస్తెలతాడు అప్పటికీ షావుకారి కాడనే ఉన్నది. దేశమే గట్లుంటే మనమెంత అని సారే నన్ను సముదాయించిండు. నాకు మాత్రం దుఃఖం ఆగలె. అప్పు మిత్తితోని కలిసి అసలును దాటింది. అర్ధెకరం అమ్మినం.

ఇగ కాయితాల ముచ్చట. కువైటుకెళ్లి పారిపోయి వచ్చినోళ్లకు ఇరాకుతోని నష్టం కట్టిపిస్తమని ఐక్యరాజ్యసమితి జెనీవాల ఒక కమిషన్ పెట్టింది. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 నడుమ ఎల్లొచ్చినోళ్లకు మనిషికి 2,500 డాలర్లు, ఇంకో నష్టం ఏదీ అడగనంటే 4,000. ఢిల్లీల దానికొక కువైట్ సెల్ ఉండె. ఫారం నింపుడు, రుజువులు పెట్టుడు. తాత రానన్నడు, ఆ ఊరి పేరు ఇంట్ల తీయద్దన్నడు. నేనే జగిత్యాల కోర్టు కాడికి తిరిగిన, టైపు కొట్టించుకుంట, స్టాంపు కాయితాలు కొనుక్కుంట. కాలు మీద కాలేసుకున్న ఒక మనిషి రుజువేదమ్మా అన్నడు. ఇంటికొచ్చి సందుగ తెరిచిన. తాత రాసిన ఉత్తరాలు కవర్లతోని సహా దాసిన, వాటి మీద కువైటు ముద్రలు, తారీఖులు. పంపిన డ్రాఫ్టుల రసీదులు. ఆ ఎమర్జెన్సీ సర్టిఫికెట్. బొత్తిగ తీసి ఆ రుజువడిగినాయన ముందట పెట్టిన.

ఏండ్లు పట్టింది. పైసలొచ్చినయి, నీ చిన్నత్త పెండ్లికి పనికొచ్చినయి. తాతతోని ఒక్క గుడారంల పండిన సిరిసిల్లాయన కాడ ఒక్క కాయితం లేకుండె. కోపంల ఉత్తరాలన్నీ పొయ్యిల పెట్టుకున్నడట. ఆయనకు ఏమీ రాలె. మళ్ల భీవండి పోయిండు సాంచల మీదికి. ఇద్దరి కష్టం ఒక్కటే, ఒకరికి ముట్టింది, ఒకరికి ముట్టలె. ఇది నాకు ఇప్పటికీ అన్యాలమే.

మొన్న 2022ల ఇరాకు ఆఖరి కిస్తు కట్టిందని నువ్వే ఫోన్ల సదివి చెప్పినవు కదా, మొత్తం 5,240 కోట్ల డాలర్లని. తాత లేడు ఇనెతందుకు.

రేపు జగిత్యాల పోదువు. పాసుపోర్టు, వీసా, కంపెనీ ఇచ్చిన కంట్రాక్టు కాయితం, అన్నీ రెండేసి జిరాక్సులు తీయించు. ఒక జత నీ పెట్టెల పెట్టుకో, ఇంకొకటి నాకియ్యి. సందుగల తాత ఉత్తరాల పక్కకు జాగ చేసి పెట్టిన.