హాంబర్గ్ రాగి కంపెనీ కథ: మడ్డిలో బంగారం, యార్డులో గంటలు

మీ ఫోన్‌లో రాగి ఉంది, ఛార్జర్ వైర్‌లో ఇంకా ఎక్కువ ఉంది. కరెంటు బాగా పారాలంటే ఆ రాగి చాలా శుద్ధంగా ఉండాలి. ఆ శుద్ధి చేసే పనిలో నూట యాభై ఏళ్లకు పైగా ఉన్న జర్మన్ కంపెనీ ఒకటి ఉంది. ఈ రోజు దాని కథ చెప్పుకుందాం.

1866లో హాంబర్గ్‌లో నార్త్‌డాయిష్ అఫినరీ అని మొదలైంది. అఫినరీ అంటే లోహాన్ని పుటం పెట్టే చోటు. కానీ అసలు మలుపు నిప్పుతో కాదు, కరెంటుతో వచ్చింది. ఎమిల్ వోల్విల్ అనే కెమిస్ట్ పనితో 1876లో అక్కడ ఎలక్ట్రాలిసిస్ మొదలైంది. బ్రిటన్‌లో ఎల్కింగ్టన్ అంతకుముందే ఈ దారి పట్టాడు, కాబట్టి ప్రపంచంలో మొట్టమొదటిది అని ఎవరైనా అంటే వెంటనే నమ్మేయకండి.

పద్ధతి సింపుల్. యాసిడ్ కలిపిన మైలుతుత్తం నీళ్ల తొట్టిలో ఒక పక్క మురికి రాగి పలక, ఇంకో పక్క శుద్ధమైన పల్చటి రేకు. కరెంటు ఇస్తే ఇటు పలక కరుగుతుంది, అటు రేకు మీద రాగి పేరుకుంటుంది. కరగని వెండి, బంగారం అడుగున మడ్డిలా దిగుతాయి. ఆ మడ్డిని పారేస్తారనుకున్నారా? అదే అసలు లాభం! బంగారాన్ని శుద్ధి చేసే పద్ధతికి ఇప్పటికీ వోల్విల్ పేరే ఉంది. అన్నట్టు ఈయన గెలీలియో మీద పెద్ద పుస్తకం కూడా రాశాడు.

ఇక్కడి నుంచి కథ బరువెక్కుతుంది. ఎమిల్ కొడుకు హైన్రిచ్ కూడా కెమిస్టే, అదే కంపెనీలో పెద్ద స్థాయికి ఎదిగాడు. కానీ వాళ్లది యూదు కుటుంబం. నాజీలు 1942లో హైన్రిచ్‌ని థెరీసియెన్‌స్టాట్ క్యాంపుకి పంపారు. మరుసటి ఏడు అక్కడే చనిపోయాడు. తండ్రి కనిపెట్టిన పద్ధతి ఫ్యాక్టరీలో నడుస్తూనే ఉంది, కొడుకుని మాత్రం బతకనివ్వలేదు.

అదే యుద్ధంలో యూరప్ చర్చిల గంటలు వేలకు వేలు హాంబర్గ్ రేవుకి వచ్చాయి. గంట అంటే కంచు, కంచు అంటే రాగి, తగరం. గంటల వయసు, విలువ చూసి ఏ, బి, సి, డి అని గుర్తులు వేశారు. ‘ఏ’ పడితే నేరుగా కొలిమికే. ‘డి’ వస్తే బతికినట్టే. గంటలు కరిగించిన చోట్లలో ఈ కంపెనీ కూడా ఒకటి. యుద్ధం అయిపోయేసరికి కరగకుండా మిగిలిన గంటలు యార్డుల్లో వరసలుగా పడి ఉన్నాయి. జనం ఆ చోటుని గంటల శ్మశానం అన్నారు. మిగిలినవాటిలో చాలా గంటలు తర్వాత మళ్లీ తమ ఊళ్లకు చేరాయి.

2008లో బెల్జియం కంపెనీ క్యూమెరియోని కొన్నాక, 2009లో పేరు ఔరుబిస్‌గా మారింది. లాటిన్‌లో ఎర్ర బంగారం అనే మాట నుంచి తీసుకున్న పేరు అది. ఇప్పుడు గనుల నుంచి వచ్చే ఖనిజంతో పాటు పాత సర్క్యూట్ బోర్డులు కూడా అక్కడికి వెళ్తాయి. ఫ్యాక్టరీ వేడితో హాంబర్గ్‌లో కొన్ని ఇళ్లను చలికాలం వెచ్చగా ఉంచుతున్నారు.

గంటల యార్డు పాత ఫోటోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒకసారి చూడండి. ఉంటాను మరి.