చొప్పదండి ప్రాంత జలాశయాల్లో మీసాల చేపల యాజమాన్యం – వేట పరిమితుల ఆవశ్యకత
(ప్రత్యేక వ్యాసం)

చొప్పదండి, కరీంనగర్ జిల్లా: జలాశయాల్లో ప్రజాధనంతో వదిలే చేప పిల్లలు ఎదిగి మత్స్యకారుల వలకు చిక్కాలంటే, వాటిని తినే పరభక్షక చేపల సంఖ్య అదుపులో ఉండాలి. అదే సమయంలో ఆ పరభక్షక చేపల్లోని స్వదేశీ జాతులు అంతరించిపోకుండా చూడవలసిన బాధ్యత కూడా ఉన్నది. క్యాట్‌ఫిష్ అని వ్యవహరించే మీసాల చేపల విషయంలో ఈ రెండు అవసరాలు ఎదురెదురుగా నిలుస్తాయి. అందువల్ల మీసాల చేపలన్నింటికీ ఒకే నియమం వర్తించదు. స్వదేశీ వాలుగకు వేట పరిమితి అవసరం కాగా, నిషేధిత ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కు సంపూర్ణ నిర్మూలన అవసరం. ఈ భేదం యంత్రాంగానికీ, పత్రికలకూ, మత్స్యకారులకూ స్పష్టంగా తెలిసి ఉండటం ముఖ్యం.

జలాశయాల నేపథ్యం

చొప్పదండి శాసనసభ నియోజకవర్గం చుట్టూ నీటి వనరులు విస్తారంగా ఉన్నాయి. గోదావరి ఉపనది మానేరుపై కరీంనగర్ వద్ద 1974లో నిర్మాణం ప్రారంభమై 1985లో పూర్తయిన దిగువ మానేరు జలాశయం సామర్థ్యం సుమారు 24 టి.ఎం.సి.లు. నిండినపుడు ఇది సుమారు 81 చదరపు కిలోమీటర్ల మేర విస్తరిస్తుంది. ఇదే నదిపై ఎగువన, బోయినపల్లి మండలం మాన్వాడ వద్ద నిర్మించిన మధ్య మానేరు, అనగా శ్రీ రాజరాజేశ్వర జలాశయం, సుమారు 27.5 టి.ఎం.సి.ల సామర్థ్యం కలిగినది. గంగాధర మండలంలో నారాయణపూర్ జలాశయం ఉన్నది. వీటికి తోడు గ్రామగ్రామాన గొలుసుకట్టు చెరువులున్నాయి.

ఈ జలాశయాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. శ్రీరాంసాగర్ నుండి కాకతీయ కాలువ దిగువ మానేరుకు, వరద కాలువ మధ్య మానేరుకు నీటిని చేరుస్తాయి. రామడుగు మండలం లక్ష్మీపూర్ వద్ద నిర్మించిన గాయత్రి పంపుహౌస్ ద్వారా ఎల్లంపల్లి జలాలను 2019 ఆగస్టులో తొలిసారిగా వరద కాలువలోకి ఎత్తిపోయడంతో మధ్య మానేరుకు మరొక మార్గం ఏర్పడింది. నీటితోపాటు చేప గుడ్లు, పిల్లలు కూడా ప్రయాణిస్తాయి. కనుక ఒక చెరువులో జరిగిన పొరపాటు ఆ చెరువు మత్తడి వద్దనే ఆగిపోదు. మీసాల చేపల యాజమాన్యాన్ని ఒక జలాశయానికి పరిమితం చేయక, మొత్తం నీటి వ్యవస్థకు వర్తింపజేయవలసి రావడానికి ఇదే కారణం.

ఏ చేప ఎటువంటిది

ఈ ప్రాంతపు నీటిలో కనిపించే మీసాల చేపల్లో ప్రధానమైనది వాలుగ. వెడల్పాటి నోరు, పదునైన పళ్లు గల ఈ చేప మీటరుకు పైగా పెరుగుతుంది. పగలు లోతు నీటిలో దాగి, రాత్రి వేళ ఇతర చేపలను వేటాడుతుంది. చిన్న, పెద్ద జాతుల జెల్లలు నీటి అడుగున ఆహారం వెతుక్కుంటాయి. మార్పు, ఇంగిలాయి చేపలు గాలిని నేరుగా పీల్చుకోగలవు కనుక, నీరు తగ్గిన చెరువుల్లోనూ, వరి పొలాల్లోనూ బతుకుతాయి. రాష్ట్ర చేపగా 2016లో ప్రకటించిన కొర్రమీను కూడా పరభక్షకమే అయినప్పటికీ, అది మీసాల చేపల వర్గానికి చెందినది కాదు.

ఈ స్వదేశీ జాతుల స్థితి ఆశాజనకంగా లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య తన ఎరుపు జాబితాలో వాలుగను ముప్పు పొంచి ఉన్న జాతుల్లోను, మాగుర్ పేరుతో ప్రసిద్ధమైన స్వదేశీ మార్పును అంతకంటె తీవ్రమైన ప్రమాదంలో ఉన్న జాతుల్లోను చేర్చింది. మార్కెట్‌లో గిరాకీ గల చేప కావడమే వాలుగకు ముప్పుగా పరిణమించింది.

ఇందుకు భిన్నమైనది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. 1990వ దశకంలో అనుమతి లేకుండా దేశంలోకి ప్రవేశించిన ఈ జాతి అతి వేగంగా పెరుగుతుంది, దొరికినదల్లా తింటుంది, కలుషిత నీటిలోనూ జీవిస్తుంది. స్వదేశీ మార్పు అర మీటరు పొడవు దాటడం అరుదు కాగా, ఇది మీటరు దాటి పెరుగుతుంది. దీనిని నాశనం చేయవలసిందిగా కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 1997 డిసెంబరులో రాష్ట్రాలను ఆదేశించింది. 2000 సంవత్సరంలో పెంపకంపై నిషేధం విధించడం జరిగింది. 2019 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా పెంపక కేంద్రాలను తొలగించాలని ఆదేశాలు జారీ చేసింది. కబేళా వ్యర్థాలను మేతగా వేసి రహస్యంగా పెంచే చెరువులపై అధికారులు దాడులు జరిపి చేపలను పూడ్చివేయడం తెలుగు రాష్ట్రాల్లో పలుమార్లు జరిగింది.

పరభక్షణ – పెట్టుబడికి నష్టం

రాష్ట్రంలో 2016–17 నుండి నూరు శాతం రాయితీపై చేప పిల్లల పంపిణీ పథకం ప్రారంభమైనది. బొచ్చె, రవ్వ, ఎర్రమోసు, బంగారుతీగ జాతుల పిల్లలను చెరువుల్లో, జలాశయాల్లో వదులుతారు. పథకం నిబంధనల ప్రకారం చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలు సరిపోగా, ఏడాది పొడవునా నీరుండే జలాశయాలకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను నిర్దేశించారు. ఈ తేడాకు పరభక్షక చేపలే ముఖ్య కారణం. ఎండాకాలంలో ఎండిపోయే చెరువులో పెద్ద వాలుగలు మిగలవు. ఎన్నడూ పూర్తిగా ఎండని జలాశయంలో అవి ఏటికేడు పెరుగుతూ పోతాయి. వేలెడంత కూడా లేని పిల్ల వాటికి ఒక రాత్రి మేత మాత్రమే. కనుక పిల్లలు వదిలే సమయంలో సంఖ్యను మాత్రమే కాక పొడవును కూడా కొలిచి చూడటం, సహకార సంఘ సభ్యుల సమక్షంలో ఆ కొలతలను నమోదు చేయడం అత్యవసరం.

భారతదేశ జలాశయాల మత్స్య సంపదపై ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1995లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం హెక్టారుకు సాలీనా దిగుబడి చిన్న జలాశయాల్లో సుమారు 50 కిలోలు, మధ్య తరహా జలాశయాల్లో 12 కిలోలు, పెద్ద జలాశయాల్లో 11 కిలోలు మాత్రమే. అయిదు వేల హెక్టార్లు మించినవి పెద్ద జలాశయాలు కనుక దిగువ మానేరు ఈ చివరి తరగతిలోకి వస్తుంది. నీరు విస్తరించిన కొద్దీ వదిలిన పిల్లలపై అదుపు తగ్గుతుంది. పెద్ద జలాశయంలో పరభక్షక చేపల విషయమై నిర్లక్ష్యం తగదని ఈ అంకెలు హెచ్చరిస్తున్నాయి.

వేట పరిమితి అంటే ఏమిటి

కొన్ని దేశాల్లో గాలంతో సరదాగా చేపలు పట్టేవారికి రోజుకు ఇన్ని చేపలు మాత్రమే అనే లెక్క ఉంటుంది. మన జలాశయాల్లో వేట సరదా కాదు. గంగపుత్ర, ముదిరాజ్ తదితర కుటుంబాల జీవనాధారం. ఇక్కడ తలకు ఇన్ని చేపలని లెక్కించడం ఆచరణ సాధ్యం కాదు. వేటను నాలుగు మార్గాల్లో పరిమితం చేయవచ్చును.

మొదటిది, వేటాడే వారి సంఖ్య. లైసెన్సులు, సహకార సంఘాల సభ్యత్వం ద్వారా ఇది నిర్ణయమవుతుంది. రెండవది, వల కన్ను పరిమాణం. చేప కనీసం ఒక్కసారైనా గుడ్లు పెట్టిన తరువాతనే పట్టుబడేలా వల కన్ను ఉండాలన్నది మత్స్య శాస్త్రంలో మౌలిక సూత్రం. కృష్ణా నదిపై శ్రీశైలం వెనుక జలాల్లో అలివి వలలతో వేలెడు చేపలను సైతం ఊడ్చివేయడం వల్ల స్థానిక మత్స్యకారులు ఏళ్ల తరబడి నష్టపోయిన అనుభవం ఉన్నది. మూడవది, కాలం. నాలుగవది, పద్ధతి, పేలుడు పదార్థాలు, విషం, విద్యుత్ ప్రవాహం వాడి చేపలను చంపడం ఏ కాలంలోనూ సమ్మతం కాదు.

మీసాల చేపల విషయంలో వీటిలో అత్యంత కీలకమైనది కాలం. వాలుగ, మార్పు, జెల్ల తొలకరి వరదలకు ఎదురెక్కి, కొత్త నీరు పరుచుకున్న లోతు తక్కువ ప్రదేశాల్లో గుడ్లు పెడతాయి. మత్తడి దూకే చెరువుల వద్ద, వాగుల్లో ఎదురెక్కే చేపలను పట్టడానికి జనం గుమికూడటం ఈ ప్రాంతంలో ప్రతి వానాకాలం కనిపించే దృశ్యం. అక్కడ చిక్కే చేపల్లో అత్యధికం గుడ్లతో నిండినవి. జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిర కార్తె నాడు చేపలు తినడం తెలంగాణలో ఆచారం. దీనివల్ల మార్కెట్‌లో గిరాకీ పతాక స్థాయికి చేరే వేళ, ఈ చేపలు గుడ్లతో ప్రజననానికి సిద్ధమయ్యే వేళ ఒకటే అవుతున్నాయి.

పరిష్కారం కూడా ఈ కాల నిర్ణయంలోనే ఉన్నది. జలాశయ మట్టం తగ్గే మార్చి నుండి మే వరకు గాలాలు కట్టిన పొడవాటి తాళ్లతో, పెద్ద కన్ను వలలతో ఎదిగిన వాలుగలను పట్టినట్లయితే మూడు ప్రయోజనాలు ఒకేసారి సిద్ధిస్తాయి. వర్షాకాలంలో వదిలే చేప పిల్లలకు రక్షణ కలుగుతుంది. మత్స్యకారులకు వేసవి ఆదాయం లభిస్తుంది. మిగిలిన తల్లి చేపలు వరదకు నిరాటంకంగా గుడ్లు పెడతాయి. వర్షాలు ప్రారంభమైన తరువాత మత్తడుల వద్ద, వాగు ముఖద్వారాల వద్ద వేట ఆపవలసి ఉంటుంది.

ఒకే చేప – రెండు నియమాలు

ఒకే చేపకు రెండు చోట్ల రెండు విధాలైన నియమాలు ఉండటం ఇతర దేశాల్లోనూ ఉన్నదే. అమెరికాలో నీలి క్యాట్‌ఫిష్ స్వస్థలాల్లో ఒకటైన టెక్సాస్ రాష్ట్రంలో 2021 నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం నీలి, ఛానెల్ క్యాట్‌ఫిష్‌లు రెండూ కలిపి రోజుకు 25 మాత్రమే పట్టవచ్చు. వాటిలో 20 అంగుళాలు, అంతకు మించినవి పదికి మించరాదు. అదే నీలి క్యాట్‌ఫిష్ 1970వ దశకంలో వర్జీనియా నదుల్లోకి తెచ్చి వదలగా చెసాపీక్ అఖాతమంతటా వ్యాపించి స్థానిక చేపలను, పీతలను తినివేస్తున్నది. అందువల్ల పొరుగున ఉన్న మేరీలాండ్ రాష్ట్రం దీని వేటపై ఎటువంటి పరిమితి విధించలేదు సరికదా, ఎంత ఎక్కువగా పడితే అంత మేలని ప్రోత్సహిస్తున్నది.

థాయిలాండ్ అనుభవం మరొక హెచ్చరిక. అక్కడ ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను స్థానిక జాతితో సంకరపరచి విస్తారంగా పెంచగా, తప్పించుకున్న సంకర చేపల వల్ల స్థానిక జాతి జన్యు స్వచ్ఛతకే భంగం వాటిల్లింది. గోదావరి జలాల్లోని మార్పు చేపకు అటువంటి స్థితి రాకూడదన్నదే నిషేధం వెనుక గల ఒక ముఖ్యోద్దేశం. అలంకరణ కోసం తొట్టెల్లో పెంచి, విసుగు చెంది చెరువుల్లో పారవేసే సక్కర్ చేప కూడా ఇటువంటి ముప్పే. ఆంధ్రప్రదేశ్‌లో దెయ్యం చేపగా పేరుపడిన ఈ గరుకు చర్మపు మీసాల చేప వలలను చింపి మత్స్యకారులకు నష్టం కలిగిస్తున్నది.

చట్టపరమైన స్థితి

మత్స్య సంరక్షణ విషయమై తరచుగా ఉదహరించే 1897 నాటి భారత మత్స్య చట్టం, 1956 నవంబరు 1కి పూర్వం ‘బి’ తరగతి రాష్ట్రాలుగా ఉన్న ప్రాంతాలకు విస్తరించలేదు. హైదరాబాద్ అటువంటి రాష్ట్రమే కావడం వల్ల ఈ ప్రాంతంలో 1356 ఫసలీ, అనగా 1946–47 నాటి తెలంగాణ ప్రాంత మత్స్య చట్టం ఆధారమవుతున్నది. కేసుల నమోదులోను, పత్రికా ప్రకటనల్లోను ఈ వ్యత్యాసాన్ని గుర్తించడం అవసరం.

గమనించవలసిన అంశాలు

నిషేధిత చేపల రవాణాను అడ్డుకున్న సందర్భాల్లో కేవలం ‘క్యాట్‌ఫిష్ పట్టివేత’ అని వార్త వెలువడినట్లయితే, మీసాలున్న ప్రతి చేపా నిషిద్ధమనే అపోహ ప్రజల్లో కలుగుతుంది. దాని ఫలితంగా సంతలో వాలుగ, జెల్ల అమ్ముకునే మత్స్యకార మహిళ నష్టపోతుంది. మరొకవైపు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను మార్పు పేరుతో అమ్మే వారికి అదే అస్పష్టత రక్షణ కల్పిస్తుంది. కాబట్టి వార్తలోను, పంచనామాలోను చేప జాతి పేరును పూర్తిగా పేర్కొనడం ఉభయులకూ శ్రేయస్కరం.

జలాశయాల్లో పట్టుబడిన చేపల వివరాలను జాతుల వారీగా నమోదు చేసినపుడే వాలుగల సంఖ్య పెరుగుతున్నదో తరుగుతున్నదో తెలుస్తుంది. మొత్తం టన్నుల లెక్క ఒక్కటే ఉంటే ఈ సంగతి బయటపడదు. ప్రతి సహకార సంఘం ఒడ్డున చేప తూచే చోటనే జాతి, బరువు, పొడవు రాసే చిన్న పుస్తకం ఒకటి నిర్వహించినట్లయితే, ఏ వేసవిలో ఎన్ని వాలుగలను పట్టవచ్చునో ఆ అంకెల ఆధారంగానే నిర్ణయించడం సాధ్యమవుతుంది.