మిస్సమ్మ (1955 సినిమా)

మిస్సమ్మ 1955 జనవరి 12న విడుదలైన తెలుగు హాస్య చిత్రం. విజయా ప్రొడక్షన్స్ పతాకంపై బి.నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం వహించారు. ఎన్.టి.రామారావు, సావిత్రి, అక్కినేని నాగేశ్వరరావు, జమున, ఎస్.వి.రంగారావు, రేలంగి, రమణారెడ్డి, ఋష్యేంద్రమణి ప్రధాన పాత్రధారులు. సినిమాహాళ్ళలో ఆడిన రోజులు గడిచిపోయాక కూడా టెలివిజన్‌లోను, క్యాసెట్లలోను, సి.డి.లలోను, ఆపైన యూట్యూబులోను తరతరాల తెలుగువారు చూస్తూ వచ్చిన చిత్రాలలో ఇది ఒకటి. రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కలిసి చూసేందుకు వీలైన సినిమా ఏదంటే పెద్దవారికి మొదట గుర్తుకు వచ్చే పేర్లలో ఇదీ ఉంటుంది.

కథ

ఎం.టి.రావు (రామారావు), మేరీ (సావిత్రి) ఇద్దరూ బి.ఏ. చదివి ఉద్యోగం దొరకని వారు. నాయకుని పేరును ఇంగ్లీషు పొడి అక్షరాలతో పలికితే "ఖాళీ" అని వినిపించడంలోనే సగం కథ ఉంది. మేరీ క్రైస్తవ కుటుంబంలో పెరిగిన యువతి. ఆ కుటుంబం డేవిడ్ (రమణారెడ్డి) వద్ద అప్పుపడి ఉంది; అతడు ఆ అప్పును అడ్డుపెట్టుకొని మేరీని పెళ్ళాడాలని చూస్తుంటాడు. అప్పాపురం జమీందారు గోపాలం (రంగారావు) తప్పిపోయిన తన పెద్దకూతురు మహాలక్ష్మి పేరిట ఒక పాఠశాల నడుపుతూ, అందులో బోధించడానికి భార్యాభర్తలైన పట్టభద్రులు కావాలని ప్రకటిస్తాడు. ఆ ఉద్యోగం కోసం రావు, మేరీ ఆలుమగలమని అబద్ధమాడి ఆ ఊరు చేరుకుంటారు.

ఇక్కడినుండి వచ్చే హాస్యమంతా ఈ ఒక్క అబద్ధం నుండి పుట్టినదే. గడప బయట ఆదర్శ దంపతులు, గడప లోపల ఒకరంటే ఒకరికి గిట్టని అపరిచితులు. జమీందారు దంపతులు మేరీపై కన్నకూతురిపై చూపే ఆపేక్ష చూపుతారు. ఆమెకు మాత్రం హిందూ ఇల్లాలి ఆచారాలు నటించడం ముళ్ళమీద నిలుచున్నట్లుంటుంది. గోపాలం రెండవ కూతురు సీత (జమున) కు రావు సంగీతం నేర్పడం మొదలుపెట్టగానే మేరీకి అసూయ కలుగుతుంది. భార్య కాని స్త్రీకి భార్యకు కలగవలసిన కోపం రావడమే ఈ చిత్రంలోని అసలు ప్రేమకథ. అది మాటలకంటే ఎక్కువగా సావిత్రి ముఖంలో జరుగుతుంది. జమీందారు మేనల్లుడు, డిటెక్టివునని చెప్పుకొనే రాజు (నాగేశ్వరరావు) తప్పిపోయిన మహాలక్ష్మి ఆచూకీ తీయగా, మేరీయే ఆమె అని తేలుతుంది.

ఈ ముగింపు గురించి ఒక మాట చెప్పుకోవాలి. చిత్రం ఆసాంతం మతాల మధ్య ఉన్న గోడతో ఆటలాడి, చివరకు నాయిక పుట్టుకతో హిందువే అని చూపి ఆ ప్రశ్నను తప్పించుకుంది. కథాపరంగా ఇది సులువైన దారి. అయినా క్రైస్తవ కుటుంబాన్ని గాని, మేరీ ప్రార్థనను గాని ఎక్కడా ఎగతాళికి వాడుకోలేదు.

నిర్మాణం

చిత్రానికి మూలం రవీంద్రనాథ్ మైత్ర వ్రాసిన మన్మయీ గర్ల్స్ స్కూల్ అనే బెంగాలీ నాటకం. ఇది 1935లోనే బెంగాలీలో సినిమాగా వచ్చింది. శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణికి బెంగాలీ బాగా తెలుసు. మిస్సమ్మ రచన ఆయనదే. విజయా వారి అంతకుముందటి చిత్రం చంద్రహారం (1954) ఆర్థికంగా విఫలమైంది. భారీ సెట్ల జానపదం తరువాత నిరుద్యోగుల కథను ఎత్తుకోవడం సాహసమే.

మేరీ పాత్రకు మొదట భానుమతిని తీసుకొని కొంత చిత్రీకరణ జరిపారు. చక్రపాణితో అభిప్రాయభేదం వచ్చి ఆమె తప్పుకోగా, సీత పాత్రకు అనుకున్న సావిత్రికి నాయిక పాత్ర దక్కింది. సీతగా జమున వచ్చింది. సావిత్రి నటజీవితానికి ఇది పెద్ద మలుపు. దేవదాసు (1953) తో విషాద నాయకుడిగా ముద్రపడిన నాగేశ్వరరావు ఇందులో నవ్వించే రెండవ పాత్రకు అంగీకరించడం కూడా గమనించదగినది.

సంగీతం, ఛాయాగ్రహణం

పింగళి నాగేంద్రరావు పాటలకు సాలూరు రాజేశ్వరరావు సంగీతం సమకూర్చారు. రామారావుకు ఏ.ఎం.రాజా, సావిత్రికి పి.లీల, జమునకు పి.సుశీల గాత్రమిచ్చారు. సుశీలకు పేరు తెచ్చిన తొలి పాటలలో ఈ చిత్రంలోనివి ఉన్నాయి. మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులలో చూపిన వెన్నెల "విజయా వారి వెన్నెల" అని జనవాడుకలో స్థిరపడింది. అలిగిన భార్యాభర్తలు చందమామకు ఒకరిపై ఒకరు ఫిర్యాదు చేసుకునే పాటలో ఆ వెన్నెలను చూడవచ్చు. దీపాలార్పి చూస్తే చిన్న తెరమీద కూడా దాని అందం తెలుస్తుంది.

ఇంట చూసే చిత్రంగా

నిడివి సుమారు 3 గంటలు. ఇందులో కత్తులు, రక్తపాతం లేవు. ప్రతినాయకుడైన రమణారెడ్డి సన్నని శరీరాన్ని చూస్తేనే పిల్లలకు భయానికి బదులు నవ్వు వస్తుంది. రేలంగి వేసిన దేవయ్య పాత్ర వారికి మరీ ఇష్టం. పెద్దవారికి మరొక రుచి ఉంది. నవ్వుల అడుగున ఉన్నది జీతం కోసం పడే పాట్లే కనుక, చదువుకొని ఉద్యోగం లేక తిరిగినవారికి మొదటి భాగం వేరుగా తాకుతుంది.

ఇతర భాషలలో

తమిళంలో జెమినీ గణేశన్, సావిత్రిలతో మిస్సియమ్మగా 1955 జనవరి 14న విడుదలైంది. హిందీలో ఎ.వి.ఎం. సంస్థ 1957లో మిస్ మేరీ పేరిట నిర్మించింది. దర్శకుడు ఎల్.వి.ప్రసాదే, మీనాకుమారి, జెమినీ గణేశన్ జంటగా నటించారు. నాగేశ్వరరావు పాత్రను తమిళంలో తంగవేలు, హిందీలో కిశోర్ కుమార్ ధరించారు. మూడు భాషలలోనూ అదే పాత్రలో కనిపించినది జమున.