రెక్కల వెనుక పెద్దాయన



కుట్టుమిషను ముందు మగవాడు కూర్చుని ఉంటే దర్జీ కాబోలు అనుకుంటాం. 1900 సెప్టెంబరులో అమెరికా తూర్పు సముద్రతీరాన కిటీహాక్ అనే చిన్న పల్లెలో, ఆడీ టేట్ అనే ఇల్లాలి మిషను ముందు కూర్చున్న మనిషి మాత్రం దర్జీ కాదు. వయసు ముప్ఫై మూడేళ్ళు. డేటన్ అనే ఊళ్ళో తమ్ముడితో కలిసి సైకిళ్ళ దుకాణం నడుపుకుంటూ ఉండేవాడు. అతను కుడుతున్నది చొక్కా కాదు, రెక్కలు! 18 అడుగుల కర్రలు దొరుకుతాయి కదా అని ఇంటి దగ్గరే ఆ కొలతకి గుడ్డ సిద్ధం చేసుకుని బయల్దేరాడు. తీరా దారిలో దొరికినవి 16 అడుగులవే. కొలత తప్పిన జాకెట్టును మనం విప్పి మళ్ళీ బిగించుకోమూ? అతనూ అదే పని చేస్తున్నాడన్నమాట.

అతని పేరు విల్బర్ రైట్. తమ్ముడి పేరు ఆర్విల్. రైట్ సోదరులు విమానం కనిపెట్టారని మనమంతా చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నదే. కాని ఆ విమానానికి ముందు మూడేళ్ళపాటు వాళ్ళు ఇంజను లేని రెక్కలతో ఇసుక దిబ్బల మీద గాలిలో జారడం నేర్చుకున్నారు. ఆ నేర్చుకునే రోజుల్లో వాళ్ళ వెనుక ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన సంగతి పాఠంలో ఉండదు. ఇవాళ ఆయన గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు ఈ విద్య ఏమిటో చూద్దాం. కర్రల చట్రానికి గుడ్డ బిగించిన పెద్ద రెక్కలు. ఇంజను ఉండదు. మనిషి వాటికి వేలాడుతూ, ఎత్తైన చోటినుంచి గాలికి ఎదురుగా పరుగెత్తి గాలిలోకి లేస్తాడు. శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ తూకం నిలబెట్టుకుంటూ కిందికి జారతాడు. దీన్నే హ్యాంగ్ గ్లైడింగ్ అంటారు. దీనికి ఆద్యుడు జర్మనీ దేశపు ఇంజనీరు ఒట్టో లిలియంతాల్. కొంగలు ఎగిరే తీరును ఏళ్ళ తరబడి పరిశీలించి 1889లో పుస్తకం రాశాడు. 1891 నుంచి తానే రెక్కలు కట్టుకుని ఎగిరాడు. బెర్లిన్ దగ్గర ఇందుకోసమే ఒక మట్టి గుట్ట పోయించుకున్నాడు. సుమారు రెండు వేల సార్లు గాలిలో జారాడు. 1896 ఆగస్టు 9న గాలి తాకిడికి గ్లైడరు అదుపు తప్పింది. యాభై అడుగుల ఎత్తునుంచి పడి, మర్నాడు కన్నుమూశాడు.

ఆ వార్త డేటన్‌కి చేరేసరికి రైట్ వారింట్లో తమ్ముడు ఆర్విల్ టైఫాయిడ్‌తో మంచం పట్టి ఉన్నాడు. తల్లి అంతకు ఏడేళ్ళ ముందే పోయింది. చెల్లెలు కేథరిన్, విల్బరూ దగ్గరుండి సేవ చేశారు. ఆ మరణ వార్తే విల్బర్ మనసులో ఎగరాలన్న కోరికను మళ్ళీ కదిపింది. చచ్చిపోయినవాడి కథ విని మనమైతే అటుకేసి చూడం. అతను మాత్రం, ఆయన ఎక్కడ పొరపడ్డాడు అని ఆలోచించాడు. అతని లెక్క ప్రకారం లిలియంతాల్ ఐదేళ్ళలో నిజంగా గాలిలో గడిపిన సమయం అంతా కూడితే ఐదు గంటలే! ఐదు గంటల సాధనతో ఏ విద్య పట్టుబడుతుంది చెప్పండి? పైగా శరీరం ఊపి తూకం నిలబెట్టడం చాలదనీ, రెక్కల కొసలనే మెలితిప్పగలిగితే అదుపు దొరుకుతుందనీ 1899లో ఒక అట్టపెట్టెను చేతిలో మెలిపెడుతూ ఉండగా అతనికి తోచింది.

తోచింది సరే, చెప్పుకోవడానికి ఎవరున్నారు? మనిషి ఎగరడం అంటే అందరూ నవ్వే రోజులవి. 1900 మే 13న విల్బర్ తనకు ముఖపరిచయం కూడా లేని ఒక పెద్దమనిషికి ఉత్తరం రాశాడు. మనిషి ఎగరగలడన్న నమ్మకం తనను జబ్బులా పట్టుకుందనీ, అది ముదిరి డబ్బుకీ, బహుశా ప్రాణానికీ తెస్తుందేమో అనీ రాసుకున్నాడు. తన ఆలోచనలు దాచకుండా చెప్పి, సాధనకు అనువైన చోటేదో చెప్పమని అడిగాడు.

ఆ పెద్దమనిషి ఆక్టేవ్ షనూట్. పారిస్‌లో పుట్టి, ఆరేళ్ళ వయసులో అమెరికా వచ్చారు. రైలు మార్గాలూ, వంతెనలూ కట్టిన పేరుమోసిన ఇంజనీరు. మిస్సోరీ నది మీద 1869లో తయారైన మొట్టమొదటి వంతెన ఆయన కట్టించిందే. ఎగరడానికి లోకంలో ఎవరెవరు ఏమేం చేశారో అంతా పోగుచేసి 1894లో పుస్తకం వేశారు. 1896లో, అరవై నాలుగేళ్ళ వయసులో, మిచిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బల మీద డేరాలు వేయించి, కుర్రవాళ్ళచేత గ్లైడర్లు ఎగిరించి చూశారు. ఒకదానిమీద ఒకటిగా రెండు రెక్కలు పెట్టి, వంతెనకు అడ్డకట్లు వేసినట్టు నిలువు కర్రలతో, ఐమూలగా లాగి కట్టిన తీగలతో వాటిని బిగించడం ఆయన పద్ధతి. రైట్ సోదరులు ఆ కట్టునే తీసుకున్నారు.

అంతటివాడు ఒక సైకిళ్ళ దుకాణదారుకు ఎన్నాళ్ళకి జవాబు రాశారనుకున్నారు? నాలుగో రోజునే! ఇసుక దిబ్బల మీద నేర్చుకోవడం మంచిదన్నారు. తనకు తెలిసిన ఒకటి రెండు ఊళ్ళ పేర్లు చెప్పి, అక్కడ ఇసుక దిబ్బలు లేవు, అట్లాంటిక్ తీరంలో వెతుక్కోమన్నారు. ఆ వెతుకులాటలో దొరికిందే కిటీహాక్. ఆ ఉత్తరాలు మరి పదేళ్ళు ఆగలేదు. ఇటూ అటూ కలిపి కొన్ని వందలు.

ఆ ఊరికి వెళ్ళే ప్రయాణంలో విల్బర్ ఎక్కిన పడవ ఎంత మురికిగా ఉందంటే, అక్కడి తిండి ముట్టబుద్ధి కాలేదట. రెండు రోజులు చెల్లెలు కేథరిన్ పెట్టెలో సర్ది ఇచ్చిన జామ్ సీసాతోనే గడిపాడు. చరిత్ర పుస్తకాల్లో ఇలాంటి సీసాలకు చోటు ఉండదు గాని, ప్రయాణమయ్యేవాళ్ళకి తినడానికి ఏదో ఒకటి కట్టి ఇచ్చే మనకు వాటి విలువ తెలుసు కదూ!

ఆ ఏడు అతను నిజంగా గాలిలో ఉన్నది అంతా కలిపి రెండు నిమిషాలు. అయినా సంతృప్తిగానే ఇంటికి వెళ్ళాడు. వదిలేసిన గ్లైడరు గుడ్డ విప్పి, ఆడీ టేట్ తన ఇద్దరు ఆడపిల్లలకీ గౌన్లు కుట్టింది. రెక్కలు కుట్టిన ఇంట్లోనే ఆ గుడ్డ గౌన్లయిందన్నమాట!

అసలు పరీక్ష 1901లో వచ్చింది. అప్పటికి ప్రపంచంలో ఎవరూ ఎగరనంత పెద్ద గ్లైడరు తీసుకుని వెళ్ళారు. దోమలు చంపుకు తిన్నాయి. రెక్కలు లెక్క ప్రకారం మోయవలసిన బరువులో మూడోవంతే మోశాయి. లిలియంతాల్ వేసిన పట్టికలను నమ్ముకుని లెక్కలు కట్టారు. ఆ అంకెల మీదే అనుమానం వచ్చింది. ఇంటికి వెళ్ళే దారిలో విల్బర్ తమ్ముడితో, మన జీవితకాలంలో మనిషి ఎగరడు అనేశాడు.

షనూట్ ఆ దిబ్బల దగ్గరికి స్వయంగా వచ్చి చూసి వెళ్ళారు. ఆయన కళ్ళకు కనపడింది వేరు. ఇంతవరకు ఎవరూ ఇంత దూరం జారలేదు, మీరు మానేస్తే ఈ పని వెనకబడిపోతుంది అన్నారు. అంతటితో ఊరుకోలేదు. షికాగోలో తాము అధ్యక్షులుగా ఉన్న ఇంజనీర్ల సంఘంలో ఉపన్యాసం ఇమ్మని విల్బర్‌ని పిలిచారు. అతనికి నలుగురిలో మాట్లాడాలంటే బెరుకు. మానేద్దామనుకున్నాడు. అప్పుడు కేథరిన్ పట్టుబట్టింది. నువ్వు వెళ్ళి తీరాలని పోరి పోరి ఒప్పించింది. కాలేజీలో చదివి, హైస్కూల్లో లాటిన్ పాఠాలు చెప్పే పిల్ల. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల పరిచయం అన్నకి మేలు చేస్తుందని ఆమెకు తోచింది. అన్న దగ్గర మంచి బట్టలు లేవు. సోకుగా ఉండే ఆర్విల్ చొక్కా, కాలర్లు, కోటు తొడిగించి రైలెక్కించారు. స్త్రీలను కూడా సభకు పిలవమంటారా అని షనూట్ అడిగితే, ఎలాగూ భయపడగలిగినంత భయపడే ఉంటాను, ఎవరు వచ్చినా ఒకటే అన్నాడట!

1901 సెప్టెంబరు 18న అతను మాట్లాడాడు. పొగరుబోతు గుర్రాన్ని గోడ మీద కూర్చుని చూస్తే క్షేమమే గాని, స్వారీ రావాలంటే ఎక్కక తప్పదని అక్కడ చెప్పాడు. సభలో పాత అంకెల్ని తప్పుపట్టాడు కనుక, ఆ మాట తేల్చుకోక తప్పలేదు. ఆరడుగుల పొడుగు చెక్కపెట్టెలోంచి గాలి వదిలి, దాదాపు 200 రకాల చిన్న చిన్న రెక్కల్ని పరీక్షించి, సొంత పట్టికలు తయారు చేసుకున్నారు. ఈ పనికి డబ్బున్న దాతని చూసి పెడతానని షనూట్ అంటే వినయంగా వద్దన్నారు. 1902లో కొత్త గ్లైడరుతో ఇంచుమించు వెయ్యి సార్లు జారారు. 622 అడుగుల దూరం పోయారు. 1903 డిసెంబరు 17న ఇంజను పెట్టిన విమానం లేచింది. ఆ శుభవార్త తంతి ద్వారా షనూట్‌కి అందజేసింది కేథరినే.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. కాని పూర్తి కాదు. 1903 ఏప్రిల్లో షనూట్ పారిస్‌లో మాట్లాడినప్పుడు, ఈ అన్నదమ్ములు ఆయన శిష్యులనీ, ఆయన చెప్పినట్టు చేసినవాళ్ళనీ అక్కడివాళ్ళకి అభిప్రాయం కలిగింది. నిజానికి రెక్కలు మెలితిప్పే ఉపాయం, చెక్కపెట్టె లెక్కలు అన్నీ వీళ్ళ సొంతం. ఆయన పరీక్షకు పంపిన గ్లైడర్లు సరిగా ఎగరలేదు కూడా. విల్బర్ మనసులో ముల్లు నాటుకుంది. తరవాత వీళ్ళు తమ హక్కుల కోసం కోర్టుల కెక్కారు. ఆ ఉపాయం పాతదేననీ, కోర్టుల వెంట తిరగడం బాగాలేదనీ షనూట్ అభిప్రాయం. 1910 జనవరిలో ఉత్తరాల్లో మాటా మాటా పెరిగింది. డబ్బు మీద ఆశ నీ బుద్ధిని వక్రం చేసిందని ఆయన రాశారు. ఏళ్ళుగా అణచుకున్న బాధంతా అతనూ రాశాడు. మూడు నెలలు మౌనం.

మళ్ళీ ముందుగా కలం పట్టినవాడు విల్బర్. ఇంతటి స్నేహం పోగొట్టుకోలేనని ఏప్రిల్లో రాశాడు. ఆయన మెత్తబడి జవాబిచ్చారు. అప్పటికే ఆరోగ్యం చెడిపోయింది. 1910 నవంబరు 23న షనూట్ పోయారు. విల్బర్ రైలెక్కి షికాగో వెళ్ళి అంత్యక్రియల్లో నిలబడ్డాడు. ఆయన సహనం, మంచితనం గురించి పత్రికలో వ్యాసం రాశాడు. ఆ వ్యాసంలో కోపం లేదు.

నన్నడిగితే తప్పు ఇద్దరిదీ అనను, ఎవరిదీ అనను. మన పిల్లలు పైకి వచ్చాక, వీడికి నేనే నేర్పాను అనే మాట మన నోటికీ వస్తుంది. ప్రేమతోనే వస్తుంది. అయినా అవతలివాడికి గుచ్చుకుంటుంది. షనూట్ ఆ కుర్రవాళ్ళకి ఎగరడం నేర్పలేదు. నాలుగో రోజున జవాబు రాశారు. మానేద్దామనుకున్నప్పుడు వద్దన్నారు. నలుగురిలో నిలబెట్టారు. గురువు చేయగల మేలు చాలావరకు ఇంతే. అది తక్కువేం కాదు.

చివరగా ఒక మాట. రెక్కలకు వేలాడే ఆ పాత విద్యకు మళ్ళీ ప్రాణం పోసిన మెత్తటి రెక్కను 1948లో రొగాలో అనే అమెరికన్ దంపతులు తయారు చేశారు. దాని మొదటి నమూనాని భార్య గెర్‌ట్రూడ్ వంటింటి పరదా గుడ్డతో కుట్టింది. 1951లో వచ్చిన పేటెంటు మీద ఆమె పేరూ ఉంది. కిటీహాక్‌కి దగ్గరలోని ఇసుక దిబ్బల మీద ఇవాళ కొత్తవాళ్ళు హ్యాంగ్ గ్లైడింగ్ నేర్చుకుంటున్నారు. మొదట్లో నేర్పేవాడు పక్కనే ఇసుకలో పరుగెడతాడు. రెక్కలకు గాలి అందాక అతను ఆగిపోతాడు, నేర్చుకునేవాడు ముందుకు పోతాడు.