ఉప్పునీటి అక్వేరియంలో నీటి ప్రసరణ

ఉప్పునీటి అక్వేరియం అనగా సముద్రపు చేపలను, పగడపు జీవులను పెంచే గాజు తొట్టి. ఇళ్ళలోని పెద్ద తొట్టెలలో, పైనుండి పొర్లిన నీరు పైపు ద్వారా క్రింది సంపులోకి దిగి శుద్ధి అవుతుంది. పంపు దానిని తిరిగి పైకి పంపుతుంది.

పైపుల అమరిక

ఉప్పునీరు ఇనుమును తినివేస్తుంది. రాగి వెన్నెముక లేని జీవులకు విషం. అందువలన పీవీసీ పైపులు వాడతారు. నీరు దిగే పైపు ఎక్కే పైపు కంటే లావుగా ఉండాలి, లేనిచో తొట్టి పొర్లిపోవచ్చు.

విద్యుత్తు నిలిచినపుడు

పంపు ఆగగానే నీరు ఎక్కే పైపు సైఫనుగా మారి తొట్టి నీటిని వెనుకకు లాగుతుంది. పైపు మూతి నీటిమట్టానికి 2 సెం.మీ. దిగువన ఉన్నచో, 90 × 45 సెం.మీ. తొట్టి నుండి 8.1 లీటర్లు సంపులోకి చేరుతాయి. పైపులలోని నీరు దీనికి అదనం. సంపులో అంతకు మించిన ఖాళీ ఉంచాలి. నీటిమట్టానికి కొద్దిగా దిగువన పైపుకు చిన్న రంధ్రం చేసినచో, గాలి చొరబడి సైఫను ముందే తెగుతుంది. ఆ రంధ్రం నాచుతో మూసుకుపోకుండా చూడాలి.

ప్రసరణ ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినపుడు శ్రీకాకుళం జిల్లాలో అనేక గ్రామాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. కనుక ఈ ప్రాంతంలో బ్యాటరీతో నడిచే గాలి పంపు అవసరం.

నీటి సేకరణ

సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వంశధార కళింగపట్నం వద్ద, నాగావళి కళ్ళేపల్లి వద్ద, చంపావతి కోనాడ వద్ద సముద్రంలో కలుస్తాయి. వర్షాకాలంలో ఈ నదీముఖాల వద్ద ఉప్పదనం తగ్గుతుంది కాబట్టి అక్కడి నీరు పనికిరాదు. ఆవిరైన నీటికి బదులుగా క్లోరిన్ లేని మంచినీటినే పోయాలి, ఎందుకనగా ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది.