అరంగుళం లెక్క

కారుకు వెడల్పాటి చక్రాలు వేయించుకునేవాళ్లు ముందు అడిగేది రిమ్ సైజు. ఆఫ్‌సెట్ గుర్తొచ్చేది టైరు మడ్‌గార్డుకు రాసుకున్నాకే. పోర్షె 911 వెనకభాగం అంత విశాలంగా ఎందుకుందో తెలియాలన్నా ఆ ఆఫ్‌సెట్ దగ్గరికే వెళ్లాలి.

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకొచ్చిన ఈ కారుకు నాలుగున్నర అంగుళాల ఉక్కు చక్రాలుండేవి. ఇంజన్ వెనక ఇరుసుకు ఆవల ఉండటంతో, మలుపులో యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీస్తే తోక పక్కకు జారేది. వెనక పట్టు పెరగాలి. 1966లో 911 ఎస్ కోసం ఒట్టో ఫుక్స్ కర్మాగారం ఫోర్జింగ్ చేసిన అల్యూమినియం చక్రాలిచ్చింది. అవీ మొదట నాలుగున్నర అంగుళాలే. 1969 మోడల్ నాటికి ఆరయ్యాయి.

చిక్కంతా ఏడో అంగుళంతో. హబ్బుకు ఆనే ముఖం రిమ్ నడిమధ్య నుంచి ఎంత బయటికి ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. అది పెరిగితే చక్రం లోపలికి జరుగుతుంది. ఆరంగుళాల ఫుక్స్‌కు అది 36 మి.మీ. రేసుల 911 ఆర్‌తో వచ్చిన ఏడంగుళాల ‘7ఆర్’కు 49. అంటే పెరిగిన అంగుళమంతా లోపలికే పోయింది, వెలుపలి అంచు దాదాపు ఉన్నచోటే ఉంది.

1972 అక్టోబరులో పారిస్‌లో చూపిన కరెరా ఆర్‌ఎస్ 2.7 దీన్ని తిరగేసింది. వెనక చక్రం మళ్లీ ఏడంగుళాలే, ఆఫ్‌సెట్ మాత్రం 23.3. ఆరంగుళాల చక్రపు 36తో పోలిస్తే తగ్గిన 12.7 మి.మీ. సరిగ్గా అరంగుళం. లోపలి అంచు కదల్లేదు. అంగుళమంతా బయటికొచ్చింది, వెనక మడ్‌గార్డులను ఉబ్బించక తప్పలేదు. జనం కళ్లు డక్‌టెయిల్ స్పాయిలర్ మీదే ఉంటాయి గానీ, అసలు పనితనం ఇక్కడుంది.

టైర్లలోనూ అంతే. ముందు 185/70, వెనక 215/60. 185లో 70 శాతం 129.5, 215లో 60 శాతం 129. వెనక టైరు 30 మి.మీ. వెడల్పెక్కినా పక్కగోడ ఎత్తు దాదాపు మారలేదు. గేర్ల లెక్కా స్పీడోమీటరూ చెదరలేదు. ముందు టైర్లు వెనక్కి మార్చుకునే సౌకర్యం మాత్రం పోయింది.

1975 టర్బోకు వెనక ఎనిమిదంగుళాలు, ఆఫ్‌సెట్ 10.6. మళ్లీ అదే 12.7 తేడా, మళ్లీ అంగుళమంతా బయటికే. బాడీ ఇంకా ఉబ్బింది.

పాత ఇరుకు బాడీ 911కు ఏడంగుళాలు కావాలనుకుని, మడ్‌గార్డు కోయడానికి మనసొప్పనివాళ్లు ఇప్పటికీ 7ఆర్ కోసమే వెతుకుతారు. అసలువి అరుదు కాబట్టి చాలామంది నకళ్లతో సరిపెట్టుకుంటారు.